అమ్మ యాడుంది దీంట్లో?

మా అమ్మ పోయి రెండేళ్లు దాటింది. దినాలకు వచ్చే చుట్టాలకు పంచటానికి నాలుగు పేజీల చిన్న పుస్తకం అచ్చు వేయిద్దామని మా అక్క అన్నది. "నువ్వు చదువుకున్నోడివి, బ్యాంకులో ఆఫీసరువి, నువ్వే రాయి" అని ఆ పని నా నెత్తిన పెట్టింది. ఒక రాత్రంతా కూర్చుని రెండు పేజీలు రాశాను. "మా మాతృమూర్తి హోసూరు తాలూకాలోని ఒక సామాన్య వ్యవసాయ కుటుంబమున జన్మించి, ఆర్థిక క్రమశిక్షణను అలవరచుకొని, కుటుంబ శ్రేయస్సుకై అహర్నిశలు పాటుపడినారు" అని ఆ ధోరణిలో సాగింది. అక్షరదోషాలు లేవు. అన్వయం కుదిరింది. తేదీలన్నీ సరిగ్గా ఉన్నాయి.

అక్క అయిదో తరగతి దాకా తెలుగు చదువుకున్న మనిషి. కళ్లజోడు పెట్టుకుని మెల్లగా, పెదవులు కదిలిస్తూ చదివింది. కాగితాలు మడిచి నా చేతికిచ్చి, "అంతా బాగుండాది గాని, అమ్మ యాడుందిరా దీంట్లో?" అన్నది.

ఆ పుస్తకం అప్పుడు అచ్చు కాలేదు. ఆ మాట మాత్రం నన్ను వదల్లేదు. మాట్లాడేటప్పుడు నలుగురినీ నవ్వించగల మనిషి, కలం పట్టుకోగానే ఎక్కడికి పోతాడు? నేను కామర్సు చదివినవాణ్ణి, సాహిత్యంలో పండితుణ్ణి కాను. అయినా పద్దు ఎక్కడ తప్పిందో పాత పుస్తకాలు తిరగేసి వెతకటం నా వృత్తి. ఆ అలవాటుతోనే తెలుగు వచనం పాత ఖాతాలు కొన్ని తిరగేశాను. నాకు దొరికినవి ఈ పత్రిక పాఠకుల ముందు పెడుతున్నాను.

ముందు నా సొంత ఖాతా చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో కృష్ణగిరి వైపు ఒక శాఖలో ఉండగా, అప్పు తీసుకున్న ఒక రైతు మామిడితోట చూసి రమ్మన్నారు. ఆ వైపు తోతాపురి తోటలు ఎక్కువ. మనవాళ్లు బెంగళూరా కాయ అంటారు, గుజ్జు ఫ్యాక్టరీలకు పోతుంది. నేను పోయేసరికి పూత నల్లబడి రాలిపోయి ఉంది. కాళ్ల కింద పొట్టులాగా నలిగింది. ఆ రైతు నా మొహం చూడకుండా చెట్టు బోదె మీద చెయ్యి పెట్టుకుని, "ఇది మా నాయన నాటినది సార్" అని ఒక్క మాట అన్నాడు. నేను నా నివేదికలో అదంతా రాశాను. పై ఆఫీసు నుంచి తిరిగి వచ్చింది, "వ్యక్తిగత వ్యాఖ్యలు వద్దు" అని పక్కన రాసి. దాన్ని "పంట నష్టము గమనించబడినది" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు వాక్యంగా మార్చి పంపాను. అప్పటి నుంచి నేను 'నేను' అని రాయటం మానేశాను. గమనించబడింది, సిఫారసు చేయబడింది, పరిశీలనలో ఉంది. ఈ 'బడు'లో గొప్ప సౌకర్యం ఉంది. రేపు ఆడిటరు వచ్చి అడిగితే గమనించినవాడంటూ ఎవడూ ఉండడు. ఆఫీసులో అది కవచం. దాన్నే తొడుక్కుని ఇంటికి వచ్చి అమ్మ గురించి రాయటానికి కూర్చున్నాను, అదీ నేను చేసిన తప్పు.

ఇంకొక పద్దు అంతకు ముందుది, బడిది. మా తరం పిల్లలకు తెలుగు మీడియం ఉండేది. "మా అవ్వ పొద్దన్నే సంగటి కెలికేది, నాకి ముందు పెట్టేది" అని నేను రాస్తే, అయ్యోరు 'నాకి' కొట్టేసి 'నాకు' అని, 'పొద్దన్నే' కొట్టేసి 'ప్రాతఃకాలమున' అని ఎర్ర సిరాతో దిద్దేవారు. ఆయన్ని తప్పు పట్టను. పరీక్ష పేపరు ఎక్కడో దిద్దుతారు, అక్కడివాళ్లకు మన హోసూరు మాట వినపడదు. మార్కులు పోకూడదని ఆయన తాపత్రయం. కానీ ప్రాతఃకాలమున మా అవ్వ ఎప్పుడూ సంగటి కెలకలేదు.

రిపోర్టు రాసేవాడు మనిషిలాగా రాయకూడదా అనే ప్రశ్నకు నాకు మొదటి జవాబు మదురలో దొరికింది. 'రాయవాచకము' అని ఒక వచన గ్రంథం ఉంది. విశ్వనాథనాయని స్థానాపతి రాసి పంపినట్టుగా ఉంటుంది. స్థానాపతి అంటే దూత, ఈనాటి మాటల్లో ప్రతినిధి. కృష్ణదేవరాయల పాలన గురించి తన ప్రభువుకు విన్నవించే నివేదిక అది. రాయల కాలం దాటిన చాలా ఏళ్లకు, సుమారు 1600 ప్రాంతంలో, మదుర నాయకుల ఏలుబడిలో పుట్టిందని పరిశోధకులు తేల్చారు. దాంట్లో భాష వ్యాకరణానికి భయపడే భాష కాదు. మనుషులు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటారు. వేగులవాళ్లు వచ్చి చూసింది చూసినట్టు చెబుతారు. ఉద్యోగి రాసిన నివేదికే, కానీ ప్రాణం ఉంది. తెలుగు వచనం తన కాళ్ల మీద తాను నిలబడటం నేర్చుకున్న చోట్లలో ఈ దక్షిణాది ఒకటి. తమిళనాట ఉన్న మనం ఈ సంగతి తలుచుకోవటం చాలా తక్కువ.

రెండో జవాబు మన ఊరిదే. 1792లో శ్రీరంగపట్నం సంధి ప్రకారం టిప్పు సుల్తాను బారామహల్‌ను కంపెనీకి వదులుకున్నాడు. కృష్ణగిరి, ధర్మపురి అందులోవి. హోసూరు ఘాటు మీదిది గనక అప్పుడు టిప్పుకే ఉండిపోయి, 1799లో ఆయన చనిపోయాక ఇటు వచ్చింది. కొత్తగా వచ్చిన సీమకు శిస్తు కట్టటానికి కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్‌ను వేశారు. ఆయన కింద ముగ్గురు సైనికాధికారులు సహాయకులు. వాళ్లలో ఒకడు థామస్ మన్రో. 1792 నుంచి 1799 దాకా ఏడేళ్లు ఆయన ఈ పొలాల వెంట తిరిగాడు. ప్రతి చెక్కా కొలిచి, ప్రతి రైతు పేరా శిస్తు రాసే పద్ధతి ఇక్కడే రూపు దిద్దుకుంది. ఆ తర్వాత రైత్వారీ అని మద్రాసు రాజధాని అంతా పాకింది. ఊరి లెక్కలు కరణం భాషలో, పై కచేరీ లెక్కలు మరాఠీలో, దొర ఉత్తరాలు ఇంగ్లీషులో. ఒక్క మడి చెక్క ఇన్ని భాషల్లోకి మారి చివరికి అంకె అయ్యేది.

నన్ను ఆపింది ఆ జమాబందీలు కాదు. మన్రో ఇంటికి రాసిన ఉత్తరాలు. ఆయన పోయిన మూడేళ్లకు, 1830లో, గ్లైగ్ అనే ఆయన మన్రో జీవితచరిత్రతో కలిపి వాటిని అచ్చు వేశాడు. అందులో 1789లో చెల్లెలికి రాసిన ఉత్తరం ఒకటి ఉంది. ఇండియా అంటే ఐశ్వర్యమని అనుకునే చెల్లెలికి తన స్థితి చెబుతాడు. నాలుగు కర్రల మీద సాగదీసిన కాన్వాసు గుడ్డ తన మంచమని, తలకింద దిండుకు బదులు ఒక పుస్తకమో తూటాల సంచో ఉండేదని, ఒక పక్క చిరుగుకు డబ్బు కూడబెట్టేలోగా బట్ట ఇంకో పక్క చిరుగుతుందని, కొత్త వెయిస్టుకోటు తొడిగి చూద్దామని కోటు విప్పబోతే ఆ కోటు చేతులు ఊడి వచ్చేలా ఉన్నాయని రాస్తాడు. ఇన్ని బాధలు చెబుతూ ఒక్క చోట కూడా జాలి అడగడు. ఆ మనిషి ఎట్లాంటివాడో ఆ కోటు చేతుల్లోనే తెలిసిపోతుంది.

ఈ బారామహల్‌లో ఆయన ధర్మపురి దగ్గర తోట పెంచుకున్నాడు. 1799లో కెనరా సీమకు బదిలీ చేస్తే, అక్కడి ఎడతెగని వాన చూసి విసిగిపోయి, ఈ వానదేశానికి రాజుగా ఉండేకంటే ఎండకాసే చోట అందరికంటే చిన్న ఆఫీసరు జీతంతో బతకటం మేలని రాశాడు. బదిలీ ఉద్యోగం చేసినవాళ్లకు ఆ మాట ఎంత నిజమో తెలుస్తుంది. నేను కూడా నీలగిరి కొండల్లో రెండేళ్లు తడిసినవాణ్ణే. ఎండ కోసం మొహం వాచి ఉన్నవాడు ఆ మాట రాయటానికి నిఘంటువు చూడనక్కర్లేదు.

పాఠకులు ఒక సందేహం అడగవచ్చు. చెల్లెలికి రాసే ఉత్తరం వేరు, సర్కారుకు రాసే కాగితం వేరు కదా అని. నిజమే. కానీ గవర్నరు అయ్యాక 1824 డిసెంబరు 31న మన్రో రాసిన మినిట్ చూడండి. ఈ దేశపు మనుషులను పెద్ద ఉద్యోగాలకు దూరంగా పెట్టి, ఆ పైన వాళ్ల శీలం బాగు చేస్తామనటం ఎట్లా కుదురుతుందని తన సర్కారునే నిలదీశాడు. అది దఫ్తరులో దాఖలయిన కాగితమే. దాంట్లో కూడా మాట్లాడేవాడు కనపడతాడు, ఎవడి వెనకా దాక్కోడు. ఆయన కంపెనీ మనిషే, శిస్తు వసూలు చెయ్యటానికి వచ్చినవాడే, ఆ సంగతి మరవకూడదు. అయినా దత్తమండలాల్లో జనం పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. 1827లో పత్తికొండలో కలరాతో పోయాడు. 1820లో మద్రాసు కాలేజీలో ఆయన కుర్ర ఉద్యోగులకు దేశభాషలు నేర్చుకోమని చెప్పిన మాటలు విన్నవాళ్లలో ఒక కుర్రవాడు ఛార్లెస్ ఫిలిప్ బ్రౌను. ఆ తర్వాత కథ తెలుగువాళ్లందరికీ తెలిసిందే.

ఇక మనవాడి సంగతి. ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరు. కోర్టు భాషలో బతికినవాడు. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, వందమంది దాకా పరివారంతో కాశీ పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చాడు. పదిహేను నెలల పైన. దారిలో చూసిందంతా కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లె అనే స్నేహితుడికి రాసి పంపుతూ వచ్చాడు. ఆ స్నేహితుడే దాన్ని 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చు వేయించాడు. తర్వాత 1941లో దిగవల్లి వేంకటశివరావు గారు శ్రద్ధగా పరిష్కరించి మళ్లీ తెచ్చారు.

ఆ పుస్తకం తెరిస్తే మొదట కొంచెం గరుకుగా ఉంటుంది. ఇంగ్లీషు, హిందుస్తానీ, అరవం మాటలు వచ్చిపడుతుంటాయి. అవి ఆయన నోటి మాటలు. దారి రాళ్లదా ఇసకదా, దిగటానికి సత్రం ఉందా, ఊరి నీళ్లు మంచివా, అంగళ్లలో ఏం దొరుకుతాయి, ఏరు ఎట్లా దాటాలి - ఇవీ ఆయన రాసుకున్నవి. క్షేత్రమాహాత్మ్యం కూడా రాస్తాడు గానీ, వెనకాల రాబోయే యాత్రికుడు ఆకలితో పడుకోకూడదనే చింత ఆయనకు ఎక్కువ. 'నేను ఇంతటివాణ్ణి' అని ఎక్కడా చెప్పుకోడు. అయినా చివరి పేజీకి వచ్చేసరికి ఆయన మనకు బాగా తెలిసిన మనిషి అవుతాడు. మనిషి ఏమేమి చూశాడో దాన్నిబట్టి మనిషి తెలుస్తాడని నాకు ఆ పుస్తకం చదివాకే అర్థమయింది. ఈమధ్య సన్మాన సంచికల్లో పేజీకి ఇరవై 'నేను'లు కనపడతాయి. వాటిల్లో మనిషి జాడ దొరకటం కష్టం.

మన్రోకు చెల్లెలు, వీరాస్వామయ్యకు శ్రీనివాసపిళ్లె. ఇద్దరికీ ఎదురుగా ఒక మొహం ఉంది. నేను అమ్మ గురించి రాసినప్పుడు నా ఎదురుగా ఎవరున్నారని ఆలోచిస్తే, సిగ్గుగా ఉంది గాని, రీజనల్ మేనేజరు ఉన్నాడు.

ఇట్లాంటి వచనం 1830లకే ఉండగా, మా అయ్యోరి ఎర్ర సిరా ఎక్కడి నుంచి వచ్చింది? దాని కథ ఈ పత్రిక చదివేవాళ్లకు కొత్తది కాదు గనక తొందరగా చెబుతాను. పరవస్తు చిన్నయసూరి 'నీతిచంద్రిక' 1853లో వచ్చింది, 'బాలవ్యాకరణము' 1858లో. రెండూ గొప్ప పుస్తకాలు. నీతిచంద్రిక గొంతెత్తి చదివితే ఇప్పటికీ నాకు నోరూరుతుంది. చిక్కు సూరితో లేదు. ఆయన ఒక్కడి నడకను అందరి నడకగా బడిలో రుద్దటంతో వచ్చింది. పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి, విజయనగరంలో గురజాడ అప్పారావు, బడుల తనిఖీ అధికారి యేట్సు దొర ఈ శతాబ్దం కిందటి పోరుకు మొదటివాళ్లు. పరీక్షల్లో వాడుకభాష రాయవచ్చా అనే తగాదా ముదిరి, 1914లో గురజాడ విశ్వవిద్యాలయానికి తన అసమ్మతి పత్రం రాసి ఇచ్చాడు. మరుసటేడు ఆయన పోయాడు. కాలేజీ చదువుల్లో గ్రాంథికమే నెగ్గింది.

గిడుగు మీద నాకు ఉన్న గౌరవం ఇంకో కారణానికి. ఆయన సవర భాష నేర్చుకున్నాడు. కొండల్లో ఉండే, రాత లేని జనం మాట చెవితో విని, వాళ్ల పిల్లలకు వాచకాలు రాశాడు, నిఘంటువు కట్టాడు. రాతలేని మాటకు కూడా నియమం ఉంటుందని అక్కడ తెలుసుకున్న చెవి, తన ఇంట్లోని తెలుగును కొత్తగా విన్నదని నా ఊహ. గ్రాంథికమే రాయాలని గద్దించే పండితుల రాతలు తీసుకుని, వాళ్లే ఆ గ్రాంథికాన్ని తప్పులు లేకుండా రాయలేకపోతున్నారని వరసగా చూపించి 'ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజము' అని పుస్తకం వేశాడు. మా ఇన్‌స్పెక్షన్ విభాగంలో పనికి వచ్చే మనిషి. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు పోయినప్పుడు, డెబ్భై రెండేళ్ల వయసులో ఊరు వదిలి రాజమండ్రి వచ్చేశాడు. గీత ఇవతల ఉండిపోయిన మన హోసూరువాళ్లకు ఆ సంగతి చదివితే కొంచెం గుచ్చుకుంటుంది. మనం ఎక్కడికీ పోలేదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 1956లో భాషను బట్టి రాష్ట్రాలు వచ్చాయి, మన గడప మాత్రం ఎక్కడిది అక్కడే ఉంది. సేలం జిల్లాలో ఉన్నాం, 1965లో ధర్మపురి జిల్లా అయ్యాం, 2004లో కృష్ణగిరి జిల్లా అయ్యాం.

ఇంతకీ వాడుకభాషలో రాస్తే మనిషి వచ్చేస్తాడా? నేను మొదట అట్లాగే అనుకున్నాను. అక్క మాట తర్వాత, అమ్మ గురించి మళ్లీ రాశాను. ఈసారి 'మాతృమూర్తి' తీసేసి 'అమ్మ' పెట్టాను, 'జన్మించి' తీసేసి 'పుట్టి' పెట్టాను, నాలుగు 'యాడ'లు, మూడు 'ఉండాది'లు చల్లాను. చదివి చూసుకుంటే ఇంకా అన్యాయంగా ఉంది. మేనేజరు పంచె కట్టుకుని వచ్చినట్టు ఉంది.

కందుకూరి వీరేశలింగం 'స్వీయచరిత్రము' తీయండి. మొదటి భాగం 1911లో, రెండోది 1915లో వచ్చాయి. భాష పాతదే. కానీ ఆ మనిషి పట్టుదల, దగ్గు, కోర్టు వ్యాజ్యాలు, ఎవరు ఎప్పుడు మాట తప్పారో మరవని ఆ కోపం, అంతా అక్కడ ఉంది. ఆయనే తన చివరి ఏడు, 1919లో, వాడుకభాష కోసం పెట్టిన సమాజానికి అధ్యక్షుడుగా ఉండటానికి ఒప్పుకున్నాడు. జీవితమంతా రాసిన పద్ధతిని డెబ్భై ఏళ్లు పైబడ్డాక మార్చుకోవటానికి సిద్ధపడటం చిన్న సంగతి కాదు.

మాండలికం దండగ అని నేను అనటం లేదు. మన పక్క చిత్తూరు జిల్లా నామిని సుబ్రహ్మణ్యం నాయుడు 'పచ్చనాకు సాక్షిగా', 'సినబ్బ కథలు', 'మిట్టూరోడి కథలు' చదివినప్పుడు, మన ఇంటి మాట అచ్చులో చూసి హోసూరులో ఎంతోమంది ఉలిక్కిపడ్డారు. నేను ఒకణ్ణి. ఇట్లా రాయవచ్చా అని. స.వెం. రమేశ్ 'ప్రళయకావేరి కథలు'లో పులికాట్ సరస్సు అంచున ఉన్న ఊళ్ల మాటను, చేపల పేర్లతో సహా దాచిపెట్టాడు. అరవంలో రాసిన కి. రాజనారాయణన్ కూడా మనవాడే. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో తెలుగు ఇంట్లో పుట్టి, తెలుగునాడు వదిలి నల్లరేగడికి వలసపోయిన తన పూర్వికుల కథను 'గోపల్ల గ్రామం' అని 1976లో తమిళంలో రాశాడు. దాని కొనసాగింపుకు 1991లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. బడి చదువు కొంచెమే. కరిసల్ నేల మాటలకు నిఘంటువు కట్టాడు. 2021లో పోతే తమిళనాడు ప్రభుత్వం సర్కారు లాంఛనాలతో సాగనంపింది. వీళ్లెవరూ మాండలికాన్ని పైన చల్లలేదు. చెప్పవలసిన వస్తువు ఆ మాటలోనే ఉంది గనక ఆ మాట వచ్చింది. అనపకాయలు ఒలిచి, నానబెట్టి, పితికి వండే కూరకు పితికిపప్పు తప్ప వేరే పేరు ఏముంది?

మూడోసారి రాయటానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. ఈసారి ఎవరి కోసమో అని రాయలేదు. అక్కకు ఉత్తరం రాస్తున్నట్టు మొదలుపెట్టాను. అక్కకు తెలిసిన సంగతులు మళ్లీ చెప్పనక్కర్లేదు. అమ్మ కష్టజీవి అని అక్కకు చెబితే నవ్వుతుంది. కాబట్టి ఆ వాక్యాలన్నీ వాటంతట అవే రాలిపోయాయి. 'ఆర్థిక క్రమశిక్షణ' అని రాసిన చోట ఆగి, ఈ మాట రాసేటప్పుడు నా కళ్ల ముందు ఏముందని నన్ను నేను అడిగాను. ఒక గోడ ఉంది. అది ఇట్లా రాశాను:

"నీకు గుర్తుందా అక్కా, వంటింటి గోడకు సంక్రాంతికి సున్నం కొట్టేటప్పుడు అమ్మ మూరెడు చోటు వదిలేయమనేది. సున్నం కొట్టేవాడు నవ్వేవాడు. నాయన ఇంటికి దరిద్రం అని కోప్పడేవాడు. ఆ మూరెడులో అమ్మ బొగ్గుతో గీసిన పాల లెక్క ఉండేది. నాలుగు గీతలు నిలువు, అయిదోది అడ్డం. అక్షరం రాని మనిషి. ఏ ఇంటికి ఏ వరస అని ఆమెకే తెలుసు. నేను బ్యాంకులో చేరిన ఏడు, ఇల్లు బాగు చేయించి రంగు వేయించాను. ఆ మూరెడు కూడా వేయించేశాను. అమ్మ చూసి ఏమీ అనలేదు. సాయంత్రం దాకా ఆ గోడ దగ్గర కూర్చోనుండింది."

ఈ చివరి రెండు వాక్యాలు నేను రాయాలని అనుకున్నవి కావు. ముప్పై ఏళ్లు నాకు గుర్తుకే రాలేదు. గోడ దగ్గరికి పోయాక అవి అక్కడ ఉన్నాయి. మొదటిసారి రాసిన రెండు పేజీల్లో ఆ గోడకు చోటు లేదు. ఉంటే నేను చేసిన పని కూడా రాయవలసి వచ్చేది. క్రమశిక్షణ అనే మాట ఎందుకు అంత తేలిగ్గా వచ్చిందో అప్పుడు తెలిసింది.

మా అమ్మాయి బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నది. 2006లో తమిళనాడు ప్రభుత్వం తమిళం నేర్చుకోవటం తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. ఆ ఏడు ఒకటో తరగతితో మొదలై, ఏడాదికొక తరగతి చొప్పున పైకి పోయి, 2016 పదో తరగతి పరీక్షలకు చేరింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలు కోర్టుల చుట్టూ తిరిగి మినహాయింపులు తెచ్చుకున్న సంగతి ఈ పత్రిక చదివేవాళ్లకు తెలుసు. మా అమ్మాయి ఆ మొదటి ఏటి బడిపిల్ల. తమిళం చక్కగా చదువుతుంది, రాస్తుంది. తెలుగు మాట్లాడుతుంది, అక్షరం రాదు. తప్పు చట్టానిదే అనను. ఇంట్లో పలక పట్టించవలసిన నేను ఆ ఏళ్లలో మార్చి ముగింపు లెక్కల్లో ఉన్నాను. కాబట్టి రాసింది ఆమెకు ఫోనులో చదివి వినిపించాను. మొదటి రెండు పేజీల ప్రతి కూడా, తేడా చూద్దామని, ముందుగా చదివాను. అది చదువుతుండగా "ఆఁ, ఆఁ" అంటూ వేరే పని చేసుకుంటున్నది, గిన్నెల చప్పుడు వినపడింది. గోడ దగ్గరికి వచ్చేసరికి చప్పుడు ఆగింది. అయిపోయాక, "అవ్వ ఆ గోడ దగ్గర ఏం చేసింది నాయనా?" అని అడిగింది. ఊరికే కూర్చున్నదని చెప్పాను. "నాకి తెలుగు రాసేది నేర్పిస్తావా?" అన్నది. 'నాకి' అన్నది. దిద్దలేదు.

సంవత్సరీకానికి రెండు వందల ప్రతులు అచ్చు వేయించాను. అక్కకు ముందుగా చూపించలేదు, మళ్లీ అదే ప్రశ్న వేస్తుందేమోనని భయం. ఆ రోజు పొద్దున్నే, అరుగు మీద ప్రతులు కట్టలు విప్పుతుండగా, ఒకటి తీసుకుని గోడకు ఆనుకుని పెదవులు కదిలిస్తూ చదివింది. చాలాసేపు పట్టింది. కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుని, "గోడ మింద గీతలు పాలవి కాదురా. అప్పిచ్చిన రాగులవి. పాల లెక్క ఆమెకి నోట్లోనే ఉండేది" అన్నది.

చుట్టాలు రావటానికి రెండు గంటల టైము ఉంది. నేను, అక్క కొడుకు అరుగు మీద కూర్చుని, రెండు వందల ప్రతుల్లోనూ 'పాల' కొట్టేసి పైన 'రాగుల' అని దిద్దాం. బ్యాంకు అలవాటు కొద్దీ ప్రతి దిద్దుబాటు పక్కనా నా పొట్టి సంతకం పెట్టాను.